కార్తీకంలో నారు మార్పిడి: మా సంఘం అనుభవం

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)

 

పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అనేది ఎలాగూ నివేదికలో అచ్చవుతుంది. మమ్మల్ని మాట్లాడమన్నది దాని గురించి కాదు. ఏటా కార్తీకంలో మా సంఘంలో నారు, మొక్కలు, దుంపలు ఒకరికొకరు మార్చుకుంటాం కదా, దాని గురించి చెప్పమన్నారు. మొదట మేము ఒప్పుకోలేదు. వంగనారు ఇచ్చి మిరపనారు పుచ్చుకోవడం గురించి మైకు పట్టుకొని ఏం చెబుతాం అనుకున్నాం. తర్వాత సంఘంలో కూర్చొని మాట్లాడుకుంటే, చెప్పవలసినవి చాలానే ఉన్నాయనిపించింది. అందులో మా తప్పులు కూడా ఉన్నాయి. అవి దాచి మంచి మాత్రమే చెబితే మీకు ఉపయోగం ఉండదు.

మాది ఉద్దానం. పన్నెండు మందిమి సంఘంలో ఉన్నాం. ఉద్దానం అంటే అందరికీ కొబ్బరి, జీడి, పనస గుర్తొస్తాయి. అవి తోటలున్న వాళ్లవి. మాలో తోటలున్న వాళ్లు కొద్దిమంది. మిగిలిన వాళ్లం జీడిపప్పు పనికో, కూలికో వెళ్లేవాళ్లం. కానీ ఇంటి వెనక నాలుగు గజాలో, పది గజాలో జాగా చాలామందికి ఉంది. అందులో రెండు వంగమొక్కలు, ఒక ఆనప పాదు, దడి మీద చిక్కుడు, నీళ్లు పారే చోట చేమ, ఒక మునగ. మా అమ్మలు, అత్తలు వేసుకున్నవే మేమూ వేసుకునేవాళ్లం. ఇచ్చి పుచ్చుకోవడం అప్పుడూ ఉండేది. దారిన పోతూ "పిన్నీ, ఏటి బాగా కాసిందే నీ బీర, రెండు గింజలు ఉంచు" అనడం, ఆ పిన్ని ఒక కాయ ముదరబెట్టడం. దానికి సంఘం తీర్మానం ఎవరు రాస్తారు? ఎవరూ రాయలేదు.

తీర్మానం రాసుకున్నది తిత్లీ తర్వాతే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. దసరా నవరాత్రులు మొదలై రెండో రోజు. ఆ రాత్రి సంగతి మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు ఒకే వైపు తల పెట్టి పడుకున్నట్టు పడి ఉన్నాయి. జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. తోట పోయిన వాళ్లు ఏడ్చారు, తోటలో కూలి పోయిన వాళ్లమూ ఏడ్చాం. ఎందుకంటే కొబ్బరి మళ్లీ పెడితే కాపుకు రావడానికి ఐదారేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. అంతవరకు ఏటి తింటాం?

అప్పుడు పెరటి సంగతి ఎవరికీ గుర్తు లేదు. పది రోజులైన తర్వాత కూరలకు డబ్బులు లేక, ఉన్నా బజార్లో దొరక్క, అప్పుడు గుర్తొచ్చింది. తోటకూర జల్లితే నెల తిరక్కముందే కోసుకోవచ్చు. మెంతికూర అంతకంటే ముందే వస్తుంది. సరే, గింజలు తీద్దామని అటక మీద చూస్తే అటకే లేదు. మాలో చాలామందివి రేకుల ఇళ్లు, పెంకుటిళ్లు. కప్పు లేచిపోయింది. కుండలో బూడిద కలిపి దాచిన చిక్కుడు గింజలు నాని మొలకెత్తి కుళ్లిపోయాయి. పొయ్యి మీద ఉట్టికి వేలాడదీసిన విత్తనపు ఆనపకాయ ఎక్కడ పడిందో తెలియదు. అత్తగారి అత్తగారి నాటి నుంచి వస్తున్న విత్తనం ఒక్క రాత్రిలో పోయింది.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. ఆమె కూతుర్ని మందస అవతల కొండల వైపు ఒక ఊరికి ఇచ్చారు. తుపాను సంగతి తెలిసి ఆ పిల్ల బస్సులు తిరగడం మొదలైన వెంటనే తల్లిని చూడడానికి వచ్చింది. ఒక సంచిలో బియ్యం, ఇంకో చిన్న గుడ్డమూటలో గింజలు తెచ్చింది. తెల్ల చిక్కుడు, కోల ఆనప, తొడిమకు ముళ్లుండే మా ఊరి వంగ. "ఇవి నువ్విచ్చినవేనమ్మా, నా పెళ్లైన ఏడు. మా ఊళ్లో ఇప్పుడు ప్రతి ఇంటా ఇవే" అంది. పెద్దమ్మ ఆ మూట విప్పి చాలాసేపు ఊరకే చూస్తూ కూర్చుంది. తర్వాత మా అందరినీ పిలిచి పంచింది. ఒక్కొక్కరికి ఐదు చిక్కుడు గింజలు, మూడు ఆనప గింజలు వచ్చాయి. వంగ గింజలు మాత్రం విడదీసి పంచితే చెడిపోతాయని ఒకే చోట నారు పోశాం.

చిక్కుడు ఆషాఢం, శ్రావణంలో పెట్టవలసింది. ఆశ్వయుజం చివర పెడితే కాస్తుందా అని మాకు అనుమానం. పెద్దమ్మ చెప్పింది, ఈ పాతరకం చిక్కుడు పొద్దు తగ్గితేనే పూస్తుంది, ముందు పెట్టినా చలిదాకా ఆగుతుంది, ఆలస్యంగా పెడితే తీగ పొట్టిగా ఉండగానే పూస్తుంది, కాపు తక్కువే గాని కాస్తుంది అని. అలాగే అయింది. సంక్రాంతి నాటికి ప్రతి ఇంట్లో ఒక పూట కూరకు సరిపడా చిక్కుడుకాయలు వచ్చాయి. వాటిలో సగం తినకుండా విత్తనానికి వదిలేశాం. పిల్లలు గోల పెట్టారు, అయినా వదిలేశాం.

ఆ కార్తీకంలో వనభోజనాలకు వంట సామాను లేదు. అయినా ఊరి చివర ఉసిరిచెట్టు కింద కలుసుకున్నాం. చిత్రంగా ఆ చెట్టు కొమ్మలు విరిగినా పడలేదు. ఎవరింట ఉన్నది వాళ్లు తెచ్చారు. ఒకరు వంగనారు కట్ట, ఒకరు బచ్చలి తీగ ముక్కలు, ఒకరు పుదీనా వేళ్లు, ఒకరు చామంతి పిలకలు. కూరగాయలు లేనప్పుడు చామంతి ఎందుకమ్మా అని నవ్వాం గాని, అవే ముందు అయిపోయాయి. అక్కడే పుస్తకంలో రాసుకున్నాం, ఏటా కార్తీకంలో ఒక ఆదివారం ఇదే చెట్టు కింద మార్చుకోవాలని. మొదలు అలా జరిగింది.

ఇప్పుడు మేము చేసిన తప్పుల సంగతి.

మొదటి తప్పు, రూలు. "ఒకటి తెచ్చిన వాళ్లు ఒకటి తీసుకోవాలి" అని రాసుకున్నాం. న్యాయంగానే ఉంది కదా అనుకున్నాం. పొదుపులో కూడా అందరూ సమానంగానే కడతాం కదా. రెండో ఏడు మా సభ్యురాలు ఒకామె ఒట్టి చేతులతో వచ్చింది. ఆమెకు పెరడు లేదు. రోడ్డు పక్క ఒక గది, ముందు అరుగు, అంతే. ఎవరో దయతలచి నాలుగు టమాటా మొక్కలు ఇచ్చారు, ఆమె సంచిలో పెట్టుకుంది. వెనక నుంచి ఒక మాట వచ్చింది: "తేవడానికి చేతులు రావు, పట్టుకెళ్లడానికి సంచి వస్తది." అన్నది ఎవరో మాకు తెలుసు, ఇప్పుడు ఇక్కడే కూర్చొని ఉంది, తర్వాత తనే బాధపడింది కాబట్టి చెప్పగలుగుతున్నాం. ఆ మాట ఆమె విన్నది. సంచి అక్కడే దించేసి వెళ్లిపోయింది.

తర్వాత వారం సమావేశానికి రాలేదు. ఆ తర్వాత వారమూ రాలేదు. పొదుపు డబ్బు చిన్నపిల్ల చేత పంపింది. నెల తిరిగేసరికి అదీ ఆగిపోయింది. అక్కలారా, మీకందరికీ తెలుసు, ఒక్క మనిషి రాకపోతే హాజరు పట్టీలో గీత పడుతుంది, గ్రేడింగు తగ్గుతుంది, బ్యాంకు మేనేజరు అడుగుతాడు. మేము మొదట దాని గురించే కంగారు పడ్డాం. నిజం చెప్పాలంటే అదీ మా తప్పే. మనిషి గురించి కాదు, పట్టీ గురించి కంగారు పడ్డాం.

ముగ్గురం కలిసి ఆమె ఇంటికి వెళ్లాం. మమ్మల్ని లోపలికి రమ్మనలేదు, అరుగు మీదే కూర్చోబెట్టింది. టీ మాత్రం ఇచ్చింది. "ఏటి తెమ్మంటారు సెల్లీ? మట్టి ఉంటే కదా మొక్క. మీ పెరళ్లలో కలుపు తీసింది నేను, మీ దొండ పందిరి కట్టింది నేను. ఆ దొండ తీగ తెచ్చి నాదని ఇవ్వనా?" అంది. మా దగ్గర జవాబు లేదు.

అలా తల వంచుకొని కూర్చున్నప్పుడు ఆమె అరుగు మీద కొబ్బరి చిప్పలు కనిపించాయి. ఏడెనిమిది ఉంటాయి. ఒక్కో దాంట్లో ఒక మిరప మొక్క. అడుగున మేకుతో చిల్లు పెట్టింది. మట్టి లేదు కాబట్టి కొబ్బరి పొట్టు నింపింది. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పెరళ్లున్న మేము నారుమడి పోసి, పీకేటప్పుడు సగం వేళ్లు తెంపి, నాటిన తర్వాత సగం చంపుకుంటున్నాం. ఈమె మొక్క ఒక్కటీ చావదు, చిప్పతో ఎత్తి గుంటలో పెట్టడమే. చిప్ప కొట్టేసి వేరు కదలకుండా నాటాలి, అంతే తేడా.

ఆ రోజు రూలు కొట్టేశాం. ఇప్పుడు మా పుస్తకంలో ఇలా ఉంది: తేగలిగింది తేవాలి, కావలసింది తీసుకోవాలి, తీసుకున్న దాని విత్తనం కాస్తే మరుసటి ఏడు తిరిగి తేవాలి. తేలేని వాళ్లు పని చేయవచ్చు. నారు పోయడం, నీళ్లు పెట్టడం, అంట్లు కట్టడం, నేర్పడం, అన్నీ తెచ్చినట్టే. ఇప్పుడు మా నారులో ఎక్కువ భాగం పెంచేది ఆమే. మేము విత్తనం, పొట్టు, చిప్పలు ఇస్తాం. మార్పిడి అయ్యాక మిగిలిన నారు ఆమె అమ్ముకుంటుంది, ఆ డబ్బు ఆమెదే. దీని మీద కూడా గొడవ జరిగింది. సంఘం విత్తనంతో పెంచిన నారు అమ్మితే డబ్బు సంఘానికి రావాలి కదా అన్నారు. రెండు సమావేశాలు ఇదే మాట. చివరికి ఒకామె అంది, "మరి ఆమె నీళ్లు మోసిన కూలి సంఘం ఇచ్చిందా?" అక్కడితో ఆగింది.

విత్తనం తిరిగి ఇచ్చేటప్పుడు రెట్టింపు ఇవ్వాలా అనేది ఇంకో ప్రశ్న. పూర్వం ధాన్యం నాగుకు ఇచ్చేవాళ్లు, తీసుకున్న దానికి పైన కలిపి కొలిచేవాళ్లు. కొన్ని చోట్ల మహిళా సంఘాల్లో ఒక కొలత విత్తనం తీసుకుంటే రెండు కొలతలు తిరిగి ఇస్తారు, దాంతో విత్తనం పెరుగుతుంది. అది మంచి పద్ధతే. తెలంగాణలో జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కల సంఘాలు పాతపంటల విత్తనాలు ఇలాగే కాపాడుకుంటున్నాయి. ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకొని ఊరూరా జాతర చేస్తారు. వాళ్లకు 2019లో ఐక్యరాజ్య సమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లవి చేలు, జొన్న, సామ, కొర్ర. మావి పెరళ్లు. ఒక ఆనపకాయలో వందల గింజలు ఉంటాయి, రెట్టింపు ఎవరైనా ఇవ్వగలరు. కానీ వెల్లుల్లి, చేమదుంప రెట్టింపు అంటే అది తినే తిండి. అందుకని మేము గింజలకు పెట్టాం, దుంపలకు పెట్టలేదు. మీ ఊరికి ఏది బాగుంటుందో మీరు ఆలోచించుకోండి.

రెండో తప్పు ఇంకా పెద్దది, అది ఎవరి మీదా తోయలేం. సంఘం లీడరు ఇంటి పెరడు అది, అంటే మాదే. ఒక ఏడు మా వంగ, టమాటా బాగా వచ్చాయని మట్టిగడ్డతో సహా పెళ్లగించి నలుగురికి పంచాం. మట్టితో ఇస్తే మొక్క వడలదని గొప్పగా చెప్పాం కూడా. రెండు నెలలకు ఆ నాలుగు పెరళ్లలో మొక్కలు గిడసబారిపోయాయి. మధ్యాహ్నం వాడిపోవడం, సాయంత్రం లేవడం. నీళ్లు చాల్లేదనుకొని ఇంకా పోశారు. ఒక మొక్క పీకి చూస్తే వేళ్లకు బుడిపెలు, రుద్రాక్షల్లాగ. ప్రకృతి వ్యవసాయం ఐసీఆర్పీ వచ్చి చూసి చెప్పింది, ఇవి నులిపురుగులు, కంటికి కనబడవు, మట్టిలో ఉంటాయి, మట్టితోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతాయి అని. మా పెరటి మట్టి మా పెరట్లో ఉంటే మా ఒక్కరి నష్టం. మేము దాన్ని నాలుగిళ్లకు మోసాం.

ఆ నలుగురూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. ఆ ఏడు వాళ్ల పెరళ్లలో బంతి వేయించాం, ఎందుకంటే బంతి వేళ్ల దగ్గర ఈ నులిపురుగులు తగ్గుతాయి. వేపపిండి వేశాం. వంగ, టమాటా, మిరప, బెండ ఆ జాగాలో కొన్నాళ్లు ఆపి గోంగూర కూడా వద్దన్నారు, దానికీ ఈ పురుగు పడుతుందట. వెల్లుల్లి, నీరుల్లి వేసుకున్నాం. పూర్తిగా పోయిందని చెప్పలేం, తగ్గింది. ఇప్పుడు మా ఉసిరిచెట్టు కిందికి పెరటి మట్టి తేవడం నిషేధం. వేళ్లు నీళ్లలో కడిగి, తడి గోనెపట్టాలో చుట్టి తేవాలి, లేదా చిప్పల్లో కొబ్బరి పొట్టులో పెంచినవి తేవాలి. తెచ్చిన ప్రతి కట్టలో ఒక మొక్క వేరు అందరి ముందూ చూస్తాం. లీడరు కట్ట ముందు చూస్తాం.

ఆకు కూడా చూడాలి. టమాటా, మిరప ఆకు ముడుచుకుంటే, వంగ ఆకులు చిట్టిచిట్టిగా గుబురుగా వస్తే, బెండ ఈనెలు పసుపు పచ్చగా తిరిగితే ఆ మొక్క ఎంత పెద్దదైనా వద్దు. ఒకసారి తొందరపడి సంఘం డబ్బుతో ఒక నర్సరీ నుంచి టమాటా నారు ట్రేలు తెప్పించుకున్నాం. చూడడానికి నిగనిగలాడుతోంది. నాటిన మూడు వారాలకు అన్నీ ముడుచుకుపోయాయి. అడిగితే "మీరు నీళ్లు సరిగా పెట్టలేదు" అన్నారు. డబ్బు తిరిగి రాలేదు, రసీదు కూడా మేము తీసుకోలేదు. ఏది కొన్నా రసీదు తీసుకోవాలని సమాఖ్య శిక్షణలో చెప్పిందే మేము మర్చిపోయాం.

ఇప్పుడు చేసే పని వరసగా కాకపోయినా చెబుతాం, కొత్తగా మొదలుపెట్టే సంఘాలు అడిగాయి కాబట్టి.

కార్తీకంలో మార్పిడి అంటే పని భాద్రపదం చివర నుంచే మొదలవ్వాలి. మిరపనారు ఆరు వారాలు, వంగ ఐదు వారాలు, టమాటా నాలుగు వారాల లోపు నాటడానికి వస్తుంది. అన్నీ ఒకే రోజు పోస్తే టమాటా ముదిరిపోతుంది, మిరప లేతగా ఉంటుంది. అందుకని ముందు మిరప, వారం తర్వాత వంగ, ఇంకో పది రోజులకు టమాటా. ఇంకో సంగతి, మన తీరంలో నారు పోసే కాలమూ తుపాను కాలమూ ఒకటే. తిత్లీ ముందు మేము ఇది ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు నారు అంతా ఒకే ఇంట్లో పొయ్యం. రెండు వీధుల్లో, పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు పోస్తాం. మొదటిది వానకు పోతే రెండోది ఉంటుంది. చిప్పల్లో ఉన్న నారైతే తుపాను కబురు రాగానే ఎత్తి మంచం కింద పెట్టుకోవచ్చు. మడి అయితే ఎత్తుగా వేసి, కాలువ తీసి, పైన కొబ్బరి మట్టలు కప్పాలి. వాన తగ్గగానే తీసేయాలి. తీయకపోతే నారుకుళ్లు వస్తుంది, మొదలు దగ్గర దారంలా సన్నబడి ఒరిగిపోతుంది. కొబ్బరి పొట్టు పచ్చిది వాడొద్దు. రెండు మూడుసార్లు నీళ్లు పోసి పిండి, ఆ ఎర్రనీళ్లు పోయాక, పశువుల ఎరువు కలిపి నింపాలి.

పంచే ముందు నాలుగు రోజులు నీళ్లు తగ్గిస్తే మొక్క గట్టిపడుతుంది. పీకే రోజు పొద్దున్న మడి బాగా తడపాలి. మార్పిడి మేము సాయంత్రం పెట్టుకుంటాం, భోజనాలయ్యాక ఎండ తగ్గిన తర్వాత. మొదట్లో పొద్దున్నే పంచుకొని, తర్వాత వంటలు, పాటలు, ఆటలు అయ్యేసరికి నారు అంతా గోనెల్లో వడిలిపోయేది. అంతాక్షరి పెట్టింది ఎవరో గాని ఆ ఏడు టమాటా నారంతా అంతాక్షరికే బలైంది.

దొండ గురించి ఒక మాట. దొండ గింజ వేస్తే మగ తీగ రావచ్చు, పందిరంతా పాకుతుంది, పూస్తుంది, కాయ ఒక్కటీ ఉండదు. కాస్తున్న తీగ నుంచే పెన్సిలంత లావు ముక్క, మూడు నాలుగు కణుపులున్నది కోసి నాటాలి. ఇది మాకు నేర్పింది ఆ అరుగు మీద అక్కే. కరివేపాకుకు పెద్ద చెట్టు చుట్టూ లేచిన పిలకలు వేరుతో తీయాలి. మునగకు మణికట్టంత లావు, గజం పొడవు కొమ్మ కావాలి. చేమ, పసుపు దుంప తవ్వక ముందే దాచమని అడిగి ఉంచాలి, తవ్విన తర్వాత అడిగితే పులుసులో ఉంటుంది.

విత్తనం విషయంలో హైబ్రిడ్ గింజలు మార్పిడికి వద్దు. ఆ కాయ నుంచి తీసిన గింజ వేస్తే తల్లిలాగ రాదు, ఒక్కో మొక్క ఒక్కోలాగ వస్తుంది, ఇచ్చిన వాళ్లకు మాట వస్తుంది. పాకెట్టు మీద ఏముందో చదివి చీటీ రాయాలి. నాటు చిక్కుడు, టమాటా చాలావరకు తల్లిలాగే వస్తాయి. ఆనప, గుమ్మడి, బీర పక్కింటి రకంతో తేనెటీగల వల్ల కలిసిపోతాయి. మా వీధిలో కోల ఆనప ఒక్కటే వేస్తున్నాం, గుండ్రంది పక్క వీధి వాళ్లు వేస్తారు. టమాటా గింజలు గుజ్జుతో ఒకటి రెండు రోజులు నీళ్లలో పులియబెట్టి కడిగి నీడలో ఆరబెట్టాలి. వంగకాయ చెట్టు మీదే పసుపు రంగుకు తిరిగేదాకా వదలాలి, అది చూసి అత్తగార్లు "కాయ పాడుచేస్తోంది" అంటారు, ఓర్చుకోవాలి. నీరుల్లి విత్తనం ఏడాది దాటితే మొలవదు, పాతది ఇచ్చి పేరు పోగొట్టుకోవద్దు. ప్రతి రకమూ కనీసం మూడిళ్లలో ఉండాలని చూస్తున్నాం, అందులో ఒకటి వేరే ఊరు. ఆ కొండల వైపు అమ్మాయి ఊరి సంఘానికి ఏటా ఒక డబ్బా పంపుతాం, వాళ్లూ పంపుతారు.

పోయినేడు ఒక చెల్లి భయపడుతూ అడిగింది, ఇలా విత్తనం పంచుకుంటే కంపెనీ వాళ్లు కేసు పెడతారా అని. పెట్టరు. 2001లో పార్లమెంటు చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టంలో రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు అని ఉంది. కంపెనీ పేరు, బ్రాండు వేసి అమ్మకూడదు, అంతే. అందుకే మా చీటీల మీద రకం పేరు, ఇచ్చిన సభ్యురాలి పేరు, తీసిన నెల మాత్రం రాస్తాం. చదువురాని అక్కలకు చీటీతో పాటు ఒక ఎండుకాయ ముక్క గానీ, రంగు దారం గానీ కడతాం.

డబ్బు ఎంత మిగిలిందని సీసీ మేడం అడిగారు. మేము లెక్క కట్టలేదు. వారానికి బజార్లో కొనే కూర తగ్గింది, అది ప్రతి ఇంట్లో తెలుస్తోంది. కరోనా ఏడు ఉసిరిచెట్టు కింద కలవలేదు, ఎవరి గుమ్మంలో వాళ్లు చిప్పలు పెట్టి తలుపు తట్టి వెళ్లిపోయాం. ఆ ఏడు కూడా మార్పిడి ఆగలేదని మాత్రం చెప్పగలం. అన్ని రకాలూ నిలబడ్డాయని మాత్రం చెప్పలేం. పెద్దమ్మ దగ్గర తిత్లీకి ముందు సన్న పొట్ల ఒకటి ఉండేది, తెల్ల చారలది. అది కొండల వైపు పిల్ల పట్టుకెళ్లలేదు. ఇప్పటికీ ఎక్కడా దొరకలేదు.

ఈ ఏడు మా మార్పిడి కార్తీకం రెండో ఆదివారం సాయంత్రం. పక్క ఊళ్ల సంఘాల వాళ్లు కూడా రావచ్చు, భోజనానికి వచ్చేటట్టయితే వారం ముందు మా బుక్‌కీపరుకు చెప్పండి. చేమదుంపలు పోయినేడు చాల్లేదు, ఉన్నవాళ్లు తేగలిగితే సంతోషం. వేళ్లు కడిగి తెండి. ఎవరి పెరట్లోనైనా తెల్ల చారల సన్న పొట్ల ఉంటే, ఒక కాయ ముదరబెట్టి ఉంచండి, బస్సు ఛార్జీ పెట్టుకొని మేమే వస్తాం. పెద్దమ్మ ఈ మధ్య కాలు నొప్పితో బయటికి రావడం లేదు గాని, ఇక్కడికి బయల్దేరేటప్పుడు ఆ మాట మరిచిపోకుండా చెప్పమంది.